జాగ్రత్త: పళ్ల సెట్టుకి డబ్బు కట్టేముందు "రెస్ట్ ఉందా?" అని అడగండి

కొన్ని పళ్లే పోయి, తీసిపెట్టుకునే పార్షియల్ సెట్టు చేయించుకోబోతున్నవాళ్లు ఒకసారి ఇది చదవండి. నేను అడగాల్సినవి అడక్కుండా డబ్బు కట్టేసి ఇరుక్కుపోయాను.

నాకు కింది దవడలో రెండువైపులా చివరి పళ్లు లేవు. క్లినిక్‌లో అచ్చు తీసుకుని, వారం తిరక్కుండా గులాబీరంగు ప్లాస్టిక్ సెట్టు చేతిలో పెట్టారు. రెండు పక్కలా రెండు తీగ కొక్కేలు. పెట్టుకోగానే టక్కుమని పట్టేసింది. "చూశారా, ఎంత టైట్‌గా కూర్చుందో" అన్నారు. ఊడకపోతే చాలనుకుని నేనూ మురిసిపోయాను.

మూడు నెలలకి ముందుపళ్ల వెనక చిగురు మంట మొదలైంది. అద్దంలో చూస్తే సెట్టు అంచు ఆనే చోట ఎర్రగా గీతపడి, చిగురు కిందికి జారి ఉంది. కొక్కెం పట్టిన ఎడమవైపు పన్ను వేలితో తాకితే కదులుతోంది. టెన్షన్‌తో ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ సెట్టుని నోట్లోనే ఉంచి, వెనకవైపు వేలితో నొక్కారు. ముందుభాగం పైకి లేచింది! తర్వాత బయటికి తీసి తిప్పి చూసి, "ఇందులో రెస్టే లేదండీ" అన్నారు.

రెస్ట్ అంటే పంటి మీద ఆనే చిన్న లోహపు నాలుక. దానికోసం పంటిపైన లోతులేని గుంట ముందే చెక్కుతారు. నమిలేటప్పుడు పడే బరువు ఆ నాలుక మీదుగా పంటిలోకి, వేరు పొడవునా దిగి ఎముకకి చేరుతుంది. అది లేకపోతే బరువంతా చిగురు మీదే. చిగురు మెత్తన కదా, సెట్టు నెమ్మదిగా కిందికి దిగుతూ దాన్ని ఒలిచేస్తుంది. ఇలాంటి కింది సెట్టుకి డాక్టర్లలో 'గమ్ స్ట్రిప్పర్' అనే వెటకారం పేరే ఉందట. నాకు ముందే ఎవరైనా ఆ పేరు చెప్పి ఉంటే బాగుండేది.

కొక్కెం కథ ఇంకోటి. క్లాస్ప్‌కి, అంటే ఈ కొక్కేనికి, రెండు చేతులుండాలి. స్ప్రింగులా వంగే చేతి కొస పంటి ఉబ్బు కిందికి వెళ్లి పట్టుకుంటుంది. కోబాల్ట్ క్రోమియం అనే గట్టి మిశ్రలోహంతో చేసిందైతే ఆ పట్టు లోతు 0.25 మిల్లీమీటర్లే. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు ఆ కొస ఉబ్బు దాటుతూ పంటిని నెడుతుంది. రెండో చెయ్యి బిగువుగా ఉండి, అవతలివైపు నుంచి పంటిని కాస్తుంది. నా సెట్టుకి ఈ కాసే చెయ్యి లేదు. రోజూ నా పంటిని నేనే ఊపుకున్నానన్నమాట.

రెండువైపులనీ కలిపే భాగం మేజర్ కనెక్టర్. కింది దవడకి సాధారణంగా నాలుకవైపు సన్నని లోహపు బార్ వేస్తారు. అది అస్సలు వంగకూడదు, దాని పై అంచు చిగురు అంచుకి కనీసం 3 మిల్లీమీటర్లు కిందగా ఉండాలి. నాది రెండు వేళ్లతో మెలిపెడితే మెలితిరుగుతోంది.

వెనక ఆనడానికి పన్నే లేని నాలాంటి కేసు 1925 నాటి కెనెడీ వర్గీకరణలో (ఏ పళ్లు పోయాయో దాన్నిబట్టి కేసుల్ని విడదీసే పద్ధతి) మొదటి క్లాసు. జిగురుగా ఉండేది నమిలితే సెట్టు వెనకభాగం పైకి లేస్తుంది. అలా తిరగకుండా ముందువైపు ఇంకో రెస్ట్ వేస్తారు, దాన్నే ఇండైరెక్ట్ రిటైనర్ అంటారు. ఇక పళ్లు కూర్చునే ప్లాస్టిక్ బేస్. కింద ఎముక అరిగేకొద్దీ దాని లోపల కొత్త పొర వేసుకోవాల్సి వస్తుంది. 'ఫ్లెక్సిబుల్' అని అమ్మే నైలాన్ సెట్లకి ఆ పని కష్టం, చాలావాటికి రెస్టులూ ఉండవు.

ప్లాస్టిక్ సెట్టే తప్పు అనడం లేదు. పళ్లు తీయించుకున్నాక పుండు మానేదాకా తాత్కాలికంగా పనికొస్తుంది. నాకు ఇది తాత్కాలికమని ఎవరూ చెప్పలేదు, నా కోపమంతా అందుకే.

అచ్చు తీసేముందు మీ పంటి మీద మెషీన్ పెట్టి ఏమీ చెక్కకపోతే, ఎందుకు చెక్కలేదో అక్కడే అడగండి. లోహపు ఫ్రేమ్ అయితే పళ్లు అతికించకముందే ఒట్టి ఫ్రేమ్‌ని నోట్లో పెట్టి చూపించమనండి.

నా ఎడమ పన్ను ఇంకా కదులుతూనే ఉంది. కొత్త ఫ్రేమ్‌ని దానిమీద ఆనించాలా, దాని ముందు పంటి మీదా అన్నది వచ్చే ఎక్స్‌రే చూశాక చెప్తామన్నారు.