చెల్లి ఖులా, బాబు కస్టడీ: లీగల్ ఎయిడ్ ఆఫీసులో మా అనుభవం (4/5)

మాది తెలంగాణలో ఒక చిన్న టౌను. మేం ముస్లింలమే గానీ ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఉర్దూ చదవడం మాలో ఎవరికీ రాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే మా కష్టం అక్కడే మొదలైంది.

మా చెల్లి ఖులా అడిగింది, అంటే భార్య తనంతట తాను విడాకులు కోరడం. మరిది, అంటే దాని భర్త, రెండేళ్లు దాటినా ఇంటికి పైసా ఇవ్వలేదు, పైగా చెయ్యి చేసుకునేవాడు. పెద్దమనుషులు కూర్చుని ఉర్దూలో రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి, "మెహర్ వదులుకుంటున్నట్టు రాశాం, సంతకం పెట్టమ్మా" అన్నారు. మెహర్ అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము. చెల్లి పెన్ను పట్టుకుంది కూడా. నాకే ఎందుకో మనసొప్పక, రేపు పెడతాం అని చెప్పి ఆ కాగితానికి ఫోటో తీసుకుని వచ్చేశాం. తర్వాత ఒక ప్రైవేటు లాయర్ దగ్గరికి వెళితే కాగితం చూడకముందే ఫీజు చెప్పాడు. అప్పుడు తెలిసినవాళ్లు చెబితే కోర్టు ఆవరణలోని లీగల్ ఎయిడ్‌కి, అంటే ఉచితంగా లాయర్ని ఇచ్చే ఆఫీసుకి, వెళ్లాం.

అక్కడ మాకిచ్చిన లాయరమ్మ మొట్టమొదట చేసిన పని, ఉర్దూ వచ్చిన ఒకాయన్ని పిలిచి ఆ కాగితం లైను లైనుగా చదివించడం. కింద నాలుగో లైనులో ఉంది, "బాబుకు ఏడేళ్లు నిండగానే తండ్రికి అప్పగిస్తాను, వాడి ఖర్చు అడగను" అని. ఆ మాట మాకు ఎవ్వరూ చెప్పలేదు! బాబుకు అప్పటికి ఆరేళ్ల మూడు నెలలు. చెల్లి వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది.

లాయరమ్మ అంది, "నీ విడాకులు వేరు, బాబు సంగతి వేరు, రెండూ ఒకే కాగితంలో కట్టెయ్యనివ్వకు." మన దేశంలో సున్నీ ముస్లింలు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో మగపిల్లాడు ఏడేళ్ల దాకా, ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా తల్లి దగ్గర ఉంటారు, దాన్ని హిజానత్ అంటారు. కానీ కోర్టు పిల్లల సంరక్షణ ఎవరిదో తేల్చే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద చూసేటప్పుడు పిల్లాడి మంచిచెడ్డలే ముఖ్యం, ఏడేళ్లు నిండాయని చేతిలోంచి లాక్కుపోవడం ఉండదట. ఖులాకి భర్త ఒప్పుకోవాల్సిన పని లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది కూడా. బాబు ఖర్చు తండ్రి ఇవ్వాల్సిందే, తల్లి వదులుకుంటే వాడి హక్కు పోదు అంది.

తర్వాత స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, డాక్టర్ చీటీలు తెమ్మంది. బాబును ఎవరు పెంచుతున్నారో చూపించడానికి అవే పనికొచ్చాయి. కేసు నడిచేంతవరకు బాబు తల్లి దగ్గరే ఉండాలని, తండ్రి ఆదివారాలు చూడొచ్చని కోర్టు చెప్పింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే వాయిదాలు. నాలుగుసార్లు పొద్దున పదికి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చుని ఊరికే తిరిగొచ్చాం, పిల్లాడితో ఆ వరండాలో కూర్చోవడం నరకం. పిటిషన్‌లో చెల్లి పేరు ఒకసారి తప్పు టైపు చేస్తే మళ్లీ ఒక రోజు పోయింది. లాయరమ్మ ఫోన్ ఎత్తేది సాయంత్రం ఆరు తర్వాతే.

లాయరుకు మేం ఇచ్చింది సున్నా. జిరాక్సులకు, ఆటోలకే ఖర్చయింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం ఉచితం, లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. దయచేసి సంతకం పెట్టకముందే వెళ్లండి, ఏ భాషలో ఉన్నా కాగితం మొత్తం చదివించుకోండి.

మొన్న ఆదివారం మరిది వచ్చి బాబును పార్కుకి తీసుకెళ్లి సాయంత్రానికి దింపి వెళ్లాడు. బాబు లోపలికి పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, అబ్బా (నాన్న) మళ్లీ వచ్చే ఆదివారం వస్తాడంట" అన్నాడు.