చిత్వన్‌లో ఎనిమిది వారాల ఇంగ్లీషు పాఠాలు: ఒక స్వచ్ఛంద బోధన కార్యక్రమంపై సమీక్ష

విదేశాల్లో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పాలనుకునేవారిని అక్కడి పాఠశాలలకు పంపించే సంస్థలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక సంస్థ ద్వారా నేను 2024 నవంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకు, ఎనిమిది వారాలపాటు, నేపాల్‌లోని చిత్వన్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేశాను. ఇతర సంస్థల ద్వారా వెళ్ళివచ్చినవారితో మాట్లాడాక, నేను చూసిన లోపాలు ఈ ఒక్క సంస్థకే పరిమితం కావని అర్థమైంది కనుక దాని పేరు రాయడం లేదు.

సంస్థ తీసుకున్న రుసుము 46,000 రూపాయలు. ఒక భారతీయ రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు వస్తాయి కనుక అక్కడి లెక్కలో అది 73,600. ఉచితంగా పనిచేయడానికి ఎదురు డబ్బు కట్టడమేమిటని మా ఇంట్లో అడిగారు. బసకూ భోజనానికీ ఖర్చవుతుంది, ఆ భారం పేద బడి మీద పడకూడదు అన్నది నా సమాధానం. ఇప్పటికీ అదే అంటాను. అయితే బడికి ఎంత చేరిందని ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగినప్పుడు, ఆయన బీరువా తెరిచి ఒక పెట్టెడు నోటుపుస్తకాలు చూపించారు. ఆ ఏడాది సంస్థ నుంచి బడికి అందింది అంతేనట.

ప్రయాణం విషయంలో సంస్థ ఇచ్చిన సూచనలు చాలవు. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు. రక్సౌల్‌లో రైలు దిగి, సరిహద్దు దాటి, వీర్‌గంజ్‌లో బస్సెక్కితే చిత్వన్ చేరవచ్చు. ఈ సంగతులు వారు చెప్పారు. వంద రూపాయలకు మించిన మన నోట్లను నేపాల్ ప్రభుత్వం 2018 డిసెంబరులో నిషేధించిందనీ, నేను వెళ్ళేనాటికి ఆ నిషేధం అమల్లోనే ఉందనీ మాత్రం చెప్పలేదు. బస్సు టికెట్ల దగ్గర నా ఐదు వందల నోటు వెనక్కి ఇచ్చేశాకగాని నాకు తెలియలేదు.

బసకు మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. నన్ను అక్కడి ఆదివాసులైన థారూల కుటుంబం ఒకరి ఇంట్లో ఉంచారు. ఇంటావిడను అందరిలాగే నేనూ ‘ఆమా’ అని పిలిచాను. మన ‘అమ్మ’కు అంత దగ్గరగా ఉన్న మాట కావడంతో మొదటి రోజు నుంచే నోటికి అలవాటైపోయింది. రెండు పూటలా పప్పు, అన్నం, ఆకుకూర. పొగమంచు కమ్మిన ఉదయాల్లో పొయ్యి పక్కనే పీట వేసి కూర్చోబెట్టేది.

ఇక అసలు విషయం బడి. ఆదివారం నుంచి శుక్రవారం వరకు తరగతులు, శనివారం సెలవు. నాకు నాలుగు, ఐదు తరగతులు ఇచ్చారు. మొదటి రోజు నేను గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి, ఎవరూ అడగకుండానే, తల, భుజాలు, మోకాళ్ళు తాకుతూ శరీర భాగాల పాట పాడారు. తర్వాత రంగుల పేర్లు, ఆ తర్వాత జంతువుల పేర్లు అప్పజెప్పారు. నాకు సంతోషమే కలిగింది. కానీ ముందు బెంచీలోని ఒక బాబును ‘నీ పెన్సిల్ ఎక్కడ’ అని ఇంగ్లీషులో అడిగితే వాడు నిటారుగా నిలబడి తన పేరు చెప్పాడు. ఇంకో పాప పాఠం గడగడా చదివింది గానీ, మిగతా వాక్యాన్ని కాగితంతో మూసి ఒక్క ‘మిల్క్’ అన్న మాటను మాత్రం చదవమంటే చదవలేకపోయింది. వాళ్ళ ఉపాధ్యాయిని అప్పుడు చెప్పారు: నాకు ముందు వచ్చిన ప్రతి వాలంటీరూ రెండు మూడు వారాలే ఉన్నారు, ప్రతి ఒక్కరూ అదే పాటతో మొదలుపెట్టారు. ఎవరు ఎంతవరకు చెప్పారో తర్వాత వచ్చేవారికి తెలిపే కాగితం ముక్క ఒక్కటి కూడా సంస్థ దగ్గర లేదు. ప్రతిసారీ కథ మళ్ళీ మొదటికే వస్తోంది. నా దృష్టిలో ఈ సేవలోని అతి పెద్ద లోపం ఇదే, దీని నష్టం పూర్తిగా పిల్లలదే.

మన భాష ఇక్కడ ఎంత ఉపయోగపడిందో చెప్పాలి. నేపాలీలో ‘మ భాత్ ఖాన్ఛు’ అంటే ‘నేను అన్నం తింటాను’. మాటల వరుస అచ్చంగా తెలుగుదే, క్రియ చివరే వస్తుంది. అందుకే పిల్లలు ‘ఐ రైస్ ఈట్’ అని రాస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. ముగ్గురు పిల్లల చేతికి మూడు అట్టముక్కలిచ్చి నిలబెట్టి, ‘రైస్’ పట్టుకున్న పాపనూ ‘ఈట్’ పట్టుకున్న బాబునూ చోట్లు మార్చుకోమన్నాను. వారం తిరిగేసరికి పిల్లలే ఒకరినొకరు జరుపుకుంటూ వాక్యాలు సరిచేసుకున్నారు. ‘ఇస్కూల్’ అనే ఉచ్చారణ విన్నప్పుడు మా తాతగారి ‘ఇస్కూలు’ గుర్తుకొచ్చింది. ఇంట్లో థారూ మాట్లాడే పిల్లలకు నేపాలీయే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఏజెన్సీ ప్రాంతాల్లో కోయ పిల్లలు తెలుగు బడిలో పడే ఇబ్బంది తెలిసినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు. అయినా నేను ఒంటరిగా నెట్టుకొచ్చానని అనుకోకండి. స్థానిక ఉపాధ్యాయిని పక్కన నిలబడి థారూలో ఒక్క మాట అందించిన చోటే పాఠం ముందుకు సాగింది. సంస్థ ప్రచారంలో మాత్రం ఆమె ప్రస్తావనే లేదు.

నెల రోజులకు తక్కువ సమయం ఉన్నవారు ఈ కార్యక్రమంలో చేరవద్దని నా సలహా. చేరేవారు డబ్బు కట్టే ముందే, రుసుములో బడి వాటా ఎంతో, ముందు వాలంటీరు ఏం బోధించారో రాతపూర్వకంగా అడగండి. అనాథాశ్రమంలో బోధన అని ప్రకటిస్తే అక్కడే ఆగిపోండి. విదేశీయుల విరాళాల కోసం, తల్లిదండ్రులు బతికే ఉన్న పిల్లలను కూడా అనాథలుగా చూపించిన ఉదంతాలు నేపాల్‌లో బయటపడ్డాయి. బడులకైతే నిండు మనసుతో వెళ్ళండి. బసకు ఐదుకు ఐదు, బోధన ఏర్పాట్లకు రెండు ఇస్తాను.

మన సంక్రాంతి రోజే థారూలకు మాఘీ, వాళ్ళ కొత్త సంవత్సరం. ఆ రోజు ఆమా వరిపిండితో ఆవిరి మీద ఉడికించిన ఢిక్రీ పెట్టింది, మన కుడుముల్లాగే ఉంటాయి. అంతకుముందు చివరి పనిదినాన, ఏ తరగతికి ఏ పాఠం ఎంతవరకు వచ్చిందో, ఏ పాప ఏ అక్షరం దగ్గర తడబడుతోందో రాసిన నోటుపుస్తకాన్ని ఉపాధ్యాయినికి అప్పగించాను. ఇలాంటి పుస్తకం ప్రతి బడిలోనూ ఉంచమని సంస్థకు రాస్తే ‘పరిశీలిస్తాం’ అని జవాబిచ్చారు. ఉపాధ్యాయిని మాత్రం ఫిబ్రవరిలో ఒక ఫొటో పంపారు. నా రాత ఆగిన పేజీ తర్వాత ఆమె చేతిరాతతో నాలుగు పేజీలు నిండి ఉన్నాయి.