శేఖావతీ ఇసుకలో నాలుగు రోజులు, మార్వారీ గుర్రాల మీద

ఈసారి సంక్రాంతికి సిటీ అంతా ఊళ్ళకి పోతుంటే మేం నలుగురం హెల్మెట్లు, బూట్లు బ్యాగుల్లో కుక్కుకుని శంషాబాద్‌లో జైపూర్ ఫ్లైట్ ఎక్కాం, రాజస్థాన్‌లో శేఖావతీ అనే ప్రాంతంలో మార్వారీ జాతి గుర్రాల మీద స్వారీ చెయ్యడానికి. నేను, మా వదిన, నా ఆఫీస్ ఫ్రెండ్, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న వాళ్ళబ్బాయి. రెండేళ్ళుగా శని ఆదివారాలు తెల్లారుజామునే లేచి మొయినాబాద్ వైపు ఒక చిన్న ఫామ్‌కి వెళ్ళి స్వారీ నేర్చుకుంటున్నాం, కలిస్తే మాకు వేరే మాటే ఉండదు. పండగ పూట ఇంటికి రాకుండా ఈ గుర్రాలేంటే అని అమ్మ ఫోన్లో ఒకటే బాధ, కానీ ఆర్నెల్ల నుంచి డబ్బులు దాచుకున్న ట్రిప్ కదా. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఎక్కడ ఏం బాగుందో, ఏం బాలేదో అంతా రాస్తున్నా.

ముందు మా స్థాయి చెప్పాలి. వదినకి ట్రాట్ (గుర్రం ఎగురుతూ చిన్నగా పరిగెత్తే నడక) చక్కగా కుదిరింది, కాంటర్ (అంతకన్నా వేగంగా దౌడు తీయడం) అంటే ఇంకా భయం. అబ్బాయి చిన్న చిన్న జంప్‌లు కూడా చేస్తాడు. ఫ్రెండ్ కిందటి వర్షాకాలంలో ఒకసారి పడింది, అప్పట్నుంచి గుర్రం చెవులు కొంచెం కదిలినా పగ్గాలు బిగించేస్తుంది. నేనేమో ఫామ్‌లో ముత్యం అనే ఆడ గుర్రానికి నెల నెలా కొంత కట్టి వారంలో మూడు రోజులు తీసుకుంటా. కుడి వైపు సర్కిల్ తిప్పితే అమ్మాయి బంగారం, ఎడమ వైపు తిప్పేసరికి మెడ మాత్రం లోపలికి తిరిగి ఒళ్ళంతా బయటికి జారిపోతుంది, కాంటర్ అడిగితే లోపలి కాలికి బదులు బయటి కాలు, అంటే తప్పు కాలు, ముందేస్తుంది. నాలుగు నెలలుగా ఇదే. డాక్టర్‌కి చూపించాం, లాడాలు మార్పించాం, జీను మార్చాం, ఏమీ తేడా లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈసారి స్థలం ఎంచుకోడానికి అదే కారణం. కిందటేడు ఒక హిల్ స్టేషన్‌లో రిసార్ట్ బుక్ చేసుకున్నాం, ఫొటోల్లో లోయ వ్యూ, బాల్కనీ, గుర్రపు స్వారీ ఉచితం అని. రూమ్ నిజంగానే బాగుంది. పొద్దున్నే స్వారీకి వెళ్తే పోనీ మీద జీను ఎత్తి చూసింది వదిన, వెన్నెముక పక్కన రూపాయి బిళ్ళంత పుండు, దాని మీద చెమటకి అంటుకుపోయిన గోనె పట్టా. అడిగితే "ఏం కాదు మేడం, అలవాటే" అన్నాడు ఆ పిల్లాడు. మేం ఎక్కలేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటారు మన పెద్దవాళ్ళు, అక్కడ దాణా సంగతి కూడా అనుమానమే, పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఆ రోజే అనుకున్నాం, ఇక మీదట రూమ్ ఫొటోలు తర్వాత, ముందు గుర్రం వీపు ఫొటో పంపించమని అడగాలని.

ఈసారి మూడు చోట్లకి ఫోన్ చేశాం. మొదటి వాళ్ళు ఎంతమంది, ఎన్ని రాత్రులు, అడ్వాన్స్ ఎంత వేస్తారు అని మాత్రమే అడిగారు. రెండో వాళ్ళు వీపు ఫొటో అడిగితే హవేలీ ఫొటోలు పన్నెండు పంపారు. మూడో ఆయన మాత్రం మా నలుగురి బరువు, ఎత్తు, ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నారు, ఎవరైనా పడ్డారా అన్నీ అడిగి, రికాబులు లేకుండా ట్రాట్ చేస్తున్న వీడియో ఒకటి పంపమన్నాడు. జీనుతో కలిపి మన బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని ఒక లెక్క ఉంది, ఆయన దాన్ని గట్టిగా పాటిస్తాడు, నా ఫ్రెండ్‌కి అందుకే అందరికన్నా పెద్ద గుర్రం ఇస్తానన్నాడు. రేటు మిగతా ఇద్దరికన్నా బాగా ఎక్కువ, మూడు రోజుల రైడింగ్‌కి అయిన ఖర్చు మా ఫ్లైట్ టికెట్ల కన్నా ఎక్కువే. అయినా అక్కడే కట్టాం.

జైపూర్ నుంచి సీకర్ మీదుగా నవల్‌గఢ్ నూట నలభై కిలోమీటర్ల పైచిలుకు, కారులో మూడు గంటలు. రోడ్డు బాగుంది. దారంతా ఆవ చేలు పచ్చగా విరగబూసి ఉన్నాయి, మధ్యలో దిగి కచోరీ తిన్నాం, అంతకన్నా చెప్పేదేం లేదు.

స్టే నవల్‌గఢ్‌లో పాత సేఠ్‌ల హవేలీ. ఈ శేఖావతీ ఊళ్ళన్నీ ఇలాగే ఉంటాయి, వ్యాపారానికి కలకత్తా, బొంబాయి వెళ్ళి సంపాదించిన మార్వారీ కుటుంబాలు సొంతూళ్ళో కట్టుకున్న ఇళ్ళు, గోడల నిండా బొమ్మలు, కృష్ణుడి పక్కనే రైలు బండి, మోటారు కారు కూడా కనపడతాయి. మేం దిగిన దాంట్లో గది పెద్దది, పరుపు మెత్తగా ఉంది, కానీ వేడినీళ్ళు పొద్దున ఏడు దాటితే గానీ రావు, మేమేమో ఆరున్నరకే గుర్రాల దగ్గర ఉండాలి. జనవరిలో తెల్లారుజామున చలి ఎముకల్లోకి దిగుతుంది, రజాయిలు అడిగితే ఇంకో రెండు తెచ్చిచ్చారు, పాపం మనుషులు మంచోళ్ళు. కుళాయి నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్ కొనుక్కోండి. భోజనానికి మాత్రం పూర్తి మార్కులు. సజ్జ రొట్టె మీద నెయ్యి, వెల్లుల్లి చట్నీ, గట్టే కూర (శనగపిండి ముక్కలతో చేసేది), ఇంకా కేర్ సాంగ్రీ. ఆ సాంగ్రీ ఏంటా అని అడిగితే బయటికి తీసుకెళ్ళి చెట్టు చూపించారు, వాళ్ళు ఖేజ్‌డీ అంటారు, చూస్తే మన జమ్మి చెట్టు! దసరాకి మనం ఆకు పంచుకునే చెట్టు కాయల్ని వీళ్ళు ఎండబెట్టి కూర వండుకుంటారు. వదిన అర కిలో కొనుక్కుంది.

గుర్రపుశాల ఊరికి దగ్గర్లోనే, పొలాల మధ్య. మేం వెళ్ళేసరికి మా నాలుగు గుర్రాలకీ మాలిష్ అయిపోయింది, జీను ఇంకా వెయ్యలేదు. అక్కడి పెద్ద సైసుని (గుర్రాల్ని చూసుకునే ఆయన్ని) అందరూ కాకా అంటారు, అరవై దాటుంటాయి. మేం అడగకముందే ఆయనే "ముందు చూసుకోండి బేటా" అని ఒక్కో గుర్రం వీపు మీద అరచేత్తో నొక్కుతూ చూపించాడు, ఏ గుర్రమూ వంగలేదు, తోక విసరలేదు, అంటే నొప్పి లేదన్నమాట. డెక్కలు ఎత్తి చూపించాడు. కళ్ళేలు చేతికిచ్చాడు, నేను నోట్లో పెట్టే ఇనుప ముక్కని వేళ్ళతో తడిమి చూశా, నున్నగా ఉంది, మధ్యలో ఒక కీలు, అంతే. ఇది ఎందుకు చెప్తున్నానంటే మన దగ్గర పెళ్ళి ఊరేగింపు గుర్రాలకి ఇప్పటికీ ముళ్ళ కళ్ళెం వేసేవాళ్ళున్నారు, ఆ ముళ్ళు నాలుకనీ పెదాల మూలల్నీ కోసేస్తాయి. 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు. స్వారీకి ఎక్కడికెళ్ళినా సరే కళ్ళెం చేత్తో తడిమి చూడండి, దానికి డబ్బులేం అక్కర్లేదు.

మార్వారీ చెవుల గురించి విన్నాం గానీ దగ్గర్నుంచి చూస్తే వేరు. రెండు చెవులూ లోపలికి కొడవళ్ళలా వంగి ముందుకి పెట్టినప్పుడు కొసలు ఒకదానికొకటి తాకుతాయి, మధ్యలోంచి దారి కనపడుతుంది. నాకిచ్చిన గుర్రం పేరు హీరా, కుమ్మైతు (ఎర్ర గోధుమ) రంగు, నాలుగు కాళ్ళూ తెలుపు, మొహం మీద తెల్ల చార, అంటే మన పంచకళ్యాణి. అక్కడ కూడా దాన్ని అదే పేరుతో శుభం అంటారని కాకా చెప్తే చాలా సంతోషం వేసింది.

మొదటి రోజు మూడు గంటలే. మా అలవాటు కొద్దీ ట్రాట్ అనుకుని రికాబుల మీద లేచి కూర్చుంటుంటే హీరా అసలు ఎగరదే! వాళ్ళు దాన్ని రేవాల్ అంటారు, నాలుగు కాళ్ళూ విడివిడిగా పడతాయి, వీపు ఊగదు, పల్లకీలో కూర్చున్నట్టు. ఎడారిలో దూరాలు పోవడానికి ఈ నడక పనికొచ్చేదట. అన్ని గుర్రాలకీ రాదు, అబ్బాయికిచ్చిన దానికి మామూలు ట్రాటే. ఎక్కువ లాభపడింది నా ఫ్రెండే, ఎగిరి పడే భయం లేకపోయేసరికి గంటలో చేతులు వదులయ్యాయి, పగ్గాలు బిగించడం ఆగింది, రెండో రోజుకి పాట పాడుకుంటూ వస్తోంది. ఆర్నెల్లుగా ఎవరెంత చెప్పినా పోని భయం అది.

రెండో రోజు పొడుగు రైడ్, పాతిక కిలోమీటర్ల దాకా. పొలాల మధ్య ఇసుక బాటలు, నాలుగు స్తంభాలు నిలబెట్టిన పాత బావులు, పిల్లలు స్కూల్‌కి వెళ్తూ చేతులూపడం. గంటకోసారి దిగి గర్త్ (జీను జారకుండా పొట్ట కింద కట్టే పట్టీ) వదులు చేసి కాస్త నడిపించాం. మధ్యాహ్నం ఆగినప్పుడు కాకా టీ ముట్టుకోకుండా ముందు నాలుగు బకెట్లు నింపాడు, గుర్రాలు తాగాక ఆయన తాగాడు.

ఆ సాయంత్రమే నా విషయం తేలింది. వెనక వస్తున్న కాకా ఆగమని పిలిచి, దిగి, నన్నూ దింపి, వచ్చిన దారిలో కొంచెం వెనక్కి తీసుకెళ్ళాడు. ఎండ వాలుతోంది కాబట్టి ఇసుకలో డెక్కల గుర్తులు నీడలతో స్పష్టంగా ఉన్నాయి. ముందు మూడు గుర్రాల అడుగులూ తాడు లాగినట్టు తిన్నగా ఉన్నాయి, నాలుగోది, నాది, కుడి వైపుకి జారుతూ జారుతూ పోయి మళ్ళీ మధ్యలోకి వచ్చి, మళ్ళీ కుడికి. పాము పాకినట్టు. "హీరా రోజూ తిన్నగానే నడుస్తుంది బేటా, నువ్వు ఎడమ పగ్గం అసలు వదలట్లేదు, పాపం అది మెడ అటు తిప్పి ఇటు జారుతోంది" అన్నాడు. నాకు అక్కడే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగు నెలలుగా ముత్యానికి ఏదో ఉందని డాక్టర్‌ని, లాడాలు వేసే నాల్‌బంద్‌ని పిలిపించానే, తనని ఎంత విసిగించానో అనిపించింది. మిగతా దారంతా కాకా నా పక్కనే వచ్చాడు, ఎడమ చెయ్యి కాస్త ముందుకివ్వు, కుడి పగ్గం కదలకుండా పట్టు, చూపు దూరంగా ఉన్న చెట్టు మీద పెట్టు, అంతే చెప్పింది. ఆగినప్పుడల్లా దిగి గుర్తులు చూసుకున్నా. చీకటి పడేముందు చివరి అర కిలోమీటరు తిన్నగా వచ్చింది.

ఇక ఆ రాత్రి టెంట్లు. అవి గుర్రాల వాళ్ళవి కావు, వేరే వాళ్ళవి, వాళ్ళ పేరు ఎందుకులే. మంచుకి రజాయిలు తడిసి ఉన్నాయి, బాత్రూమ్‌కి లైట్ లేదు, పక్క గ్రూప్ కోసం పదకొండు దాకా డీజే పెట్టారు, గుర్రాలు కట్టేసిన చోటికి పెద్ద స్పీకర్ మొహం తిప్పి ఉంది. కాకా పోయి బతిమాలితే గానీ తిప్పలేదు. మూడో రాత్రి కూడా అక్కడే ఉండాలి, మేం క్యాన్సిల్ చేసుకుని హవేలీకి వచ్చేశాం, డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. బుక్ చేసేటప్పుడే టెంట్లు ఎవరివి, ఆ రాత్రి ఇంకెవరుంటారు అని అడిగేయండి. కుదిరితే టెంట్ మానేసి రోజూ హవేలీకి తిరిగొచ్చే ప్లాన్ తీసుకోండి, గుర్రాలు కూడా వాటి కొట్టంలోనే పడుకుంటాయి.

మూడో రోజు కాంటర్. మెత్తటి ఇసుక కాబట్టి వదిన ధైర్యం చేసింది, కాకా ముందు, తను వెనక. ఆగాక మొహం వెలిగిపోతోంది. "ఏమే, చూశావా? పడలేదు!" అంది. "చూశాను వదినా, మడమలు కూడా కిందికే ఉన్నాయి" అన్నా, అది నిజం. గుర్రపుశాల ఓనర్ మేం హైదరాబాద్ అని తెలిసి మొదటి ప్రపంచ యుద్ధం సంగతి ఎత్తాడు. 1918 సెప్టెంబర్‌లో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణం మీదికి జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు (ఈటెలు పట్టిన గుర్రపు దళాలు) గుర్రాల మీద వెళ్ళారు కదా, హైదరాబాద్ లాన్సర్లు కూడా అదే బ్రిగేడ్, ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ మూడు దళాలకే. "మనం ఒక బ్రిగేడ్ వాళ్ళం" అని నవ్వి టీ పోయించాడు.

నాలుగో రోజు డూండ్లోద్ కోట, మండావా వీధులు, నవల్‌గఢ్‌లో 1902లో కట్టిన పోదార్ హవేలీ మ్యూజియం పైపైన చూశాం. టైముంటే పోదార్ హవేలీ ఒక్కటైనా తీరిగ్గా చూడండి. హెల్మెట్ మాత్రం సొంతది తీసుకెళ్ళండి, అక్కడ మంచివే ఉన్నాయి గానీ మీ తలకి సరిపోయేది దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. తొడలు ఒరుసుకుపోకుండా కుట్లు లేని లెగ్గింగ్స్, చలికి గ్లోవ్స్, అంతకన్నా సామాను వద్దు.

వచ్చిన వారం శనివారం పొద్దున్నే ముత్యం దగ్గరికి వెళ్ళా. స్వారీ నేర్పే సార్‌ని అడిగి మైదానంలో ఒక మూల మట్టిని దంతెతో సాపు చేయించి, నడకలో ఎడమ సర్కిల్ మొదలుపెట్టా. దిగి చూసుకుంటే గుర్తులు ఇంకా బయటికే. మళ్ళీ సాపు చేసి మళ్ళీ. ఐదోసారికి గుండ్రంగా వచ్చింది, ట్రాట్‌లో సగం వచ్చింది. కాంటర్ ఆ రోజు అడగలేదు. నిన్న ఆదివారం అడిగా, మూడు సార్లలో రెండు సార్లు సరైన కాలు వేసింది, దిగాక దాని మెడకి మొహం ఆనించి చాలాసేపు నిలబడ్డా. వచ్చే శనివారం నాల్‌బంద్ వస్తాడు, వెనక ఎడమ కాలి లాడం అరిగింది, అది మార్చేదాకా నడకే.