సముద్రం ఒడ్డున స్టీల్ రెయిలింగ్: 202, 304, 316తో మా అనుభవం

మా ఇల్లు విశాఖపట్నంలో, బీచ్‌కి అరకిలోమీటరు కూడా ఉండదు. 2013లో బాల్కనీకి స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్ వేయించాం. 202, 304, 316 అనేవి ఈ స్టీల్‌లో గ్రేడ్ల (రకాల) నంబర్లు. ఫ్యాబ్రికేటర్ అయస్కాంతం పెట్టి, "చూడండి సార్, అంటుకోవట్లేదు, 304" అన్నాడు. నమ్మాను. ఆరు నెలలకే వెల్డింగ్ అతుకుల దగ్గర టీ ఒలికినట్టు మరకలు వచ్చాయి. రెండో ఏడాదికి సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. చాలా బాధేసింది.

పాత స్టీల్ కొనే దుకాణంలో ఓ ముక్క మీద టెస్టింగ్ లిక్విడ్ చుక్క వేసి బ్యాటరీ తగిలిస్తే ఎర్రగా మారింది. మాంగనీసు ఎక్కువున్న 202 అది. నికెల్ ఖరీదు కాబట్టి తగ్గించి, ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. దానికీ అయస్కాంతం సరిగా అంటదు, అందుకే ఆ పరీక్షతో ఏమీ తేలదు. ఇంట్లో లోపలి మెట్లకు కూడా అప్పుడు వేసింది 202నే. అది మాత్రం ఇప్పటికీ చక్కగా ఉంది.

2015లో బాల్కనీ రెయిలింగ్ మొత్తం తీసేసి, సముద్రం వైపు 316, మిగతా చోట్ల 304 వేయించాం. ఈసారి బిల్లు మీద గ్రేడ్ రాయించుకున్నాను. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పు గాలికి గుంటలు పడకుండా కాపాడేది అదే.

304లో ఒక సంగతి నాకు చాలాకాలం అంతుపట్టలేదు. వానకు తడిసే పైకడ్డీ మెరుస్తూనే ఉంది, సన్‌షేడ్ కింద పొడిగా ఉన్న కడ్డీకే మరకలు. పైకడ్డీ మీది ఉప్పును వాన కడిగేస్తోంది, కింద మాత్రం పేరుకుపోతోంది. అప్పటినుంచి పదిహేను రోజులకోసారి మంచినీళ్ళతో కడిగి గుడ్డతో తుడుస్తున్నాం. ఇనుప పీచుతో మాత్రం రుద్దనివ్వను, దాని రజను అతుక్కుని తుప్పు పడుతుంది. బాత్రూం యాసిడ్ కూడా దగ్గరికి రానివ్వను.

316కి ఇన్నేళ్ళలో ఒకటే లోపం, రెండు అతుకుల దగ్గర కొంచెం గోధుమరంగు. వెల్డింగ్ వేడికి వచ్చిన నల్లదనాన్ని పికిలింగ్ పేస్ట్‌తో తీయకుండా పైపైన బఫింగ్ (మెరుగు పట్టడం) చేసి వదిలేశారు. బిగించిన జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) స్క్రూలు కూడా త్వరగా తుప్పు పట్టాయి, వాటినీ 316లోనే మార్పించాం.

ఖర్చు బాగా ఎక్కువే, అయినా సముద్రం వైపు 316 తప్ప ఇంకోటి వేయించను. సన్‌షేడ్ కింద ఉన్న ఆ 304 ముక్కను కూడా వచ్చే వేసవిలో మార్పిస్తున్నాం.