విదేశాల్లోని అమెరికా సైనికుడికి పార్సెల్: ఏ పెట్టె మేలు, ఏ దారి చవక?

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు అక్కడి సైన్యంలో చేరడం ఇప్పుడు వింతేమీ కాదు. ఒకరు జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఉంటారు, ఒకరు జపాన్‌లోని ఒకినావాలో, మరొకరు కువైట్ ఎడారిలో. ఇంట్లో తల్లికి ముందుగా తట్టేది తిండి పంపడం. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఖర్చు. జర్మనీకి పార్సెల్ అంటే వంద డాలర్లు దాటుతుందేమోనని చాలామంది వెనకడుగు వేస్తారు. అంత అవసరం లేదు. అయితే ఎంచుకున్న పద్ధతిని బట్టి అదే సరుకుకు కట్టే డబ్బు రెట్టింపూ కావచ్చు, సగమూ కావచ్చు.

ఖర్చు తగ్గడానికి మూలం చిరునామాలో ఉంది. సైనికుడి చిరునామాలో ఊరి పేరు ఉండదు, దేశం పేరు ఉండదు. సైన్యం, వైమానిక దళం వారికి ఏపీఓ, నౌకాదళం వారికి ఎఫ్‌పీఓ, దౌత్య కార్యాలయాల వారికి డీపీఓ అని ఉంటుంది. రాష్ట్రం పేరు రాయాల్సిన చోట ఏఈ, ఏపీ, ఏఏ అనే అక్షరాల్లో ఒకటి వస్తుంది. ఏఈ అంటే యూరప్, గల్ఫ్, ఆఫ్రికా వైపు. ఏపీ పసిఫిక్ వైపు. ఏఏ లాటిన్ అమెరికా వైపు. కుటుంబంలో ఎవరైనా భారత సైన్యంలో పనిచేసి ఉంటే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని ఉత్తరాలు రాసిన ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అమెరికాలో ఈ చిరునామాకు పార్సెల్ పంపితే తపాలా శాఖ దేశీయ రేటే వసూలు చేస్తుంది. దేశం దాటించే రవాణా భారాన్ని రక్షణ శాఖ మోస్తుంది. కాబట్టి పెట్టె మీద జర్మనీ అనో కువైట్ అనో ఎక్కడా రాయకండి. రాస్తే అది సైనిక తపాలాలోకి కాక ఆ దేశపు మామూలు తపాలాలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

ఇక మొదటి పోలిక: తపాలా శాఖా, ప్రైవేటు కొరియరా? దీని మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఫెడెక్స్, యూపీఎస్, డీహెచ్ఎల్ వంటి కొరియర్లు ఏపీఓ చిరునామాకు నేరుగా పార్సెల్ చేర్చలేవు. వారికి వీధి పేరుతో సహా విదేశీ చిరునామా కావాలి, దానికి అంతర్జాతీయ రేటు కట్టాలి, అవతల ఆ దేశపు సుంకాల గొడవ వేరే. సైనిక స్థావరం (బేస్) బయట అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి అత్యవసరమైన కాగితాలు పంపాలంటే తప్ప కొరియర్ ఊసు ఎత్తవద్దు.

అసలు తేల్చుకోవాల్సింది తపాలా శాఖ లోపలి పద్ధతుల మధ్య. తపాలా శాఖ కాస్త వేగంగా చేర్చే పద్ధతి ప్రయారిటీ మెయిల్. అందులో ఫ్లాట్ రేట్ పెట్టెలు ఉన్నాయి. పెట్టెలో పట్టినంత పెట్టుకోవచ్చు, 70 పౌండ్లు దాటకపోతే చాలు. బరువుతోనూ దూరంతోనూ సంబంధం లేకుండా ఒకటే ధర. పెట్టె ఉచితం. ఇందులో లార్జ్ అనే పెద్ద పెట్టెను 2008 మార్చిలో తెచ్చారు. అప్పట్లో మామూలు చిరునామాకు 12.95 డాలర్లు, సైనిక చిరునామాకు 10.95. సైనికుల కోసం విడిగా ధర తగ్గించడం ఆ పెట్టెతోనే మొదలైంది. ఈ తగ్గింపు లార్జ్‌కు మాత్రమే ఉంది, చిన్న పెట్టెకూ మీడియం పెట్టెకూ లేదు. చాలామందికి తెలియని సంగతి ఇదే.

లార్జ్ పెట్టె లోపల పొడవు, వెడల్పు 12 అంగుళాలు, ఎత్తు ఐదున్నర. మీడియంలో ఎత్తుగా ఉండే రకం పదకొండు, ఎనిమిదిన్నర, ఐదున్నర అంగుళాలు. గుణించి చూస్తే లార్జ్‌లో దాదాపు ఒకటిన్నర రెట్ల చోటు ఉంది. 2009లో మీడియం ధర 10.35 డాలర్లు, సైనిక చిరునామాకు లార్జ్ ధర 11.95. అంటే డాలరు అరవై సెంట్లు ఎక్కువ పెడితే సగం ఎక్కువ సరుకు వెళ్లేది. ఇప్పుడు ధరలు అప్పటికి రెట్టింపు దాటాయి, ఏటా మారుతున్నాయి, రెండింటి మధ్య తేడా కూడా పెరిగింది. అయినా లెక్క సులువే. ఆ రోజు లార్జ్ సైనిక ధర మీడియం ధరకు ఒకటిన్నర రెట్ల కంటే తక్కువగా ఉంటే లార్జ్ మేలు. సరుకుతో నిండితేనే సుమా! సగం పెట్టెను నలిపిన కాగితాలతో నింపి పంపితే ఆ డబ్బు గాలికి కట్టినట్టే.

ఫ్లాట్ రేట్ ఎప్పుడూ చవక అనుకోవడం కూడా సరికాదు. సొంత అట్టపెట్టెలో పెట్టి బరువు ప్రకారం పంపితే తక్కువ పడే సందర్భాలు చాలా ఉన్నాయి. మన తిండి విషయంలో ఇది మరీ నిజం. లార్జ్ పెట్టె నిండా కందిపొడి, కారప్పొడి, బెల్లం, పచ్చళ్లు పెడితే పదిహేను పౌండ్లు దాటుతుంది. అంత బరువును తూకం లెక్కన పంపితే జేబుకు చిల్లే. అక్కడ ఫ్లాట్ రేట్‌ను మించింది లేదు. అదే పెట్టెలో జంతికలు, అటుకుల మిక్చర్, బొరుగులు పెడితే ఐదారు పౌండ్లకు మించదు. తేలికైన సరుకుకు బరువైన సరుకు ధర ఎందుకు కట్టాలి? బరువు ప్రకారం పంపేటప్పుడు దూరం కూడా లెక్కలోకి వస్తుంది. ఆ దూరాన్ని జర్మనీ దాకా కొలవరు. సైనిక తపాలా దేశం దాటే ద్వారం దాకానే కొలుస్తారు. అందుకే ఒకే బరువున్న పెట్టెకు ఒక ఊరి నుంచి ఒక ధర, మరో ఊరి నుంచి మరో ధర పడుతుంది. మీ జిప్ కోడ్, సైనికుడి జిప్ కోడ్, పెట్టె బరువు తపాలా శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే రెండు ధరలూ పక్కపక్కనే కనిపిస్తాయి. వంటగది తూకం ఒకటి ఇంట్లో ఉంటే ఈ పని క్షణాల్లో అవుతుంది.

లేబుల్ కూడా అక్కడే కొనడం మంచిది. కౌంటర్ ధర కంటే ఆన్‌లైన్ ధర తక్కువ. పైగా కస్టమ్స్ ఫారం అందులోనే నింపేయవచ్చు. ఆ ఫారంలో ‘తినుబండారాలు’ అని ఒక్క మాట రాసి వదలకండి. వేయించిన బియ్యప్పిండి చిరుతిళ్లు, పప్పుల పొడి, ఊలు మేజోళ్లు అంటూ ఒక్కొక్కటీ ఏమిటో, ఎన్నో, ఎంత విలువో రాయాలి. ఇంగ్లిషులో రాసేటప్పుడు ‘పౌడర్’ అనే మాట ఒంటరిగా వదలవద్దని నా సలహా. ఏ పప్పుతో చేసిందో కూడా చేర్చండి. తెల్లటి, ఎర్రటి పొడి సంచులు చూసి తనిఖీ చేసేవారికి అనుమానం రావడం సహజం. సైనిక చిరునామాలకు పంపేవారికి పెట్టెలు, టేపు, లేబుళ్లు, ఫారం కవర్లు కలిపి ఒక కిట్‌గా తపాలా శాఖ ఉచితంగా ఇంటికే పంపుతుంది. అడగడమే ఆలస్యం.

ప్రయారిటీకి చవకైన ప్రత్యామ్నాయం 2023 జూలైలో తపాలా శాఖ తెచ్చిన గ్రౌండ్ అడ్వాంటేజ్ అనే పద్ధతి. ధర తక్కువ, కానీ వారాల తరబడి ఆలస్యం కావచ్చు. క్రిస్మస్‌కు అందాలంటే ఈ పద్ధతిలో నవంబరు మొదట్లోనే పంపేయాలి. ప్రయారిటీకైతే డిసెంబరు తొలి వారాల దాకా గడువు ఇస్తుంటారు. తేడా అర్థమైంది కదా! బట్టలు, పాడయ్యే భయం లేని వస్తువులు గ్రౌండ్ అడ్వాంటేజ్‌లో పంపండి. నెయ్యి తగిలిన దేన్నీ పంపవద్దు. ప్రయారిటీ కోసం ఉచితంగా ఇచ్చిన పెట్టెను దీనికి వాడకూడదు, వాడితే ప్రయారిటీ ధరే కట్టించుకుంటారు. పుస్తకాలకు మాత్రం వాటి వంటివాటి కోసమే తపాలా శాఖ పెట్టిన మీడియా మెయిల్‌ను మించిన చవక దారి లేదు. తెలుగు కథల సంపుటాలు నాలుగు కలిపి పంపినా పెద్దగా ఖర్చు కాదు. వాటిలో ఒక్క జంతికల ప్యాకెట్ కూడా కలపకూడదు, తెరిచి చూసే అధికారం వారికి ఉంది.

తపాలా ఖర్చు గురించి ఇంత చెప్పాక, దానికంటే పెద్ద ఖర్చు గురించి చెప్పాలి. అది పంపనవసరం లేనిదాన్ని పంపడం. షాంపూ, టూత్‌పేస్టు, బంగాళాదుంప చిప్స్, చాక్లెట్లు కొని, పెట్టెలో సర్ది, తపాలా కట్టి రామ్‌స్టైన్‌కు పంపేవారిని చూస్తే బాధనిపిస్తుంది. అంత పెద్ద బేస్‌లో అమెరికా ధరకే ఇవన్నీ దొరుకుతాయి. దక్షిణ కొరియాలోని క్యాంప్ హంఫ్రీస్ అయితే ఒక పట్నం లాంటిది. అలాంటి చోట ఉన్న పిల్లలకు సైనిక దుకాణాల గిఫ్ట్ కార్డు పంపితే తపాలా ఖర్చు లేకుండా కావలసినవి కొనుక్కుంటారు. సైన్యంతో సంబంధం లేనివారు కూడా ఆ కార్డు కొని ఇవ్వవచ్చు. అమెజాన్ వంటి సంస్థలు చాలా వస్తువులను ఏపీఓ చిరునామాకే చేరుస్తాయి. ఇయర్‌ఫోన్లు, చెప్పులు లాంటివి కావాలంటే దుకాణంలో కొని మళ్లీ మీరు పార్సెల్ చేయడం రెండుసార్లు డబ్బు పెట్టడమే.

దూరపు చిన్న శిబిరాల్లో ఉన్నవారి సంగతి వేరు. అక్కడ దుకాణం ఉండకపోవచ్చు, ఉన్నా అరలు ఖాళీగా ఉండవచ్చు. అలాంటి వారికి తడి తుడుపు కాగితాలు, మందపాటి మేజోళ్లు, పెదవులకు రాసుకునే లేపనం, కాఫీ పొట్లాలు నిజంగా పనికొస్తాయి. అందుకే పెట్టె కొనకముందే అడగండి: అక్కడ దుకాణం ఉందా? వేడినీళ్లు దొరుకుతాయా, మైక్రోవేవ్ ఉందా? వేడినీళ్లు మాత్రమే దొరికే చోటికి పులిహోర గుజ్జు పంపి ఏం లాభం? అన్నం ఎక్కడి నుంచి వస్తుంది? ఉప్మా పొడి, అటుకులు అయితే తింటారు.

మన తిండి ఏ దుకాణంలోనూ దొరకదు, ఏ గిఫ్ట్ కార్డుకూ రాదు. తపాలా డబ్బు పెట్టాల్సింది దానికే. అన్నిటికంటే మేలైనవి పొడులు: కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి. బరువుంటాయి, కారవు, విరగవు, మెస్‌లో దొరికే చప్పటి అన్నానికీ గుడ్డుకూ రుచి తెస్తాయి. జంతికలు, చెగోడీలు విరగకుండా గట్టి డబ్బాలో పెట్టి, పెట్టెలో మిగిలిన సందుల్లో పొడి పొట్లాలు దూర్చితే అటు సర్దుబాటూ అవుతుంది, ఇటు చోటూ వృథా కాదు. అరిసెలు నిలవుంటాయి. సున్నుండలు చలికాలంలో పంపండి. ఎండాకాలంలో గల్ఫ్‌కు వెళ్లే పెట్టెలో నెయ్యి కరిగి అన్నిటికీ అంటుతుంది. ఆవకాయ పంపాల్సిందే అనుకుంటే గాజు సీసా వద్దు. ప్లాస్టిక్ డబ్బాలో పైకంటా నింపకుండా పెట్టి, మూతకు టేపు చుట్టి, జిప్ సంచుల్లో ఒకదానిలో ఒకటి వేయండి. నూనె బయటికి కారిన పెట్టెను తపాలా వారు మధ్యలోనే ఆపేయగలరు. కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి జోలికి పోయే ముందు ఆ జిప్ కోడ్‌కు ఉన్న నిషేధాల పట్టిక చూడాలి. మాంసాహారాన్ని రానివ్వని చోట్లు ఉన్నాయి. గల్ఫ్ వైపు పంది మాంసం వంటివాటిపై ఆంక్షలు మరీ కఠినం.

పోరాట ప్రాంతంగా ప్రకటించిన చోట ఉన్న సైనికుడు ఇంటికి రాసే ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు, ఆ మూల ‘ఫ్రీ మెయిల్’ అని చేత్తో రాస్తే చాలు. మీ చిరునామా రాసిన ఖాళీ కవర్లు నాలుగు పెట్టెలో వేయండి. అమ్మమ్మకు ఫోన్ కాల్ కంటే ఉత్తరం ఎక్కువ కాలం మిగులుతుంది.

సైన్యంలో తెలిసినవారు ఎవరూ లేకపోయినా పంపాలనుకునే వారున్నారు. దీపావళికి తెలుగు సంఘాలు ఇలాంటి ఆలోచన చేయడం మంచిదే. పేరు లేకుండా ‘ఎవరైనా సైనికుడికి’ అని పంపే వీలు ఇప్పుడు లేదు. 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక క్రిమిని ఉత్తరాల్లో పెట్టి పంపిన దాడి తరువాత దాన్ని ఆపేశారు. పేరున్న చిరునామా కావాలి, లేదా ఆపరేషన్ గ్రాటిట్యూడ్, సోల్జర్స్ ఏంజెల్స్ వంటి సంస్థల ద్వారా వెళ్లాలి. కారొలిన్ బ్లాషెక్ 2003లో కాలిఫోర్నియాలో ప్రారంభించిన ఆపరేషన్ గ్రాటిట్యూడ్ లక్షల సంఖ్యలో పెట్టెలు పంపింది. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టం: ముప్పై కుటుంబాలు ముప్పై పెట్టెలు కొని సర్దడం కంటే ఆ డబ్బును సంస్థకు ఇవ్వడం మేలు. వారు సరుకును టోకున సేకరిస్తారు, ఎక్కడ ఏది కావాలో వారికి తెలుసు. పిల్లల చేత చేతిరాత ఉత్తరాలు రాయించి ఇవ్వండి, వాటికి ఖర్చు లేదు. సంఘం సభ్యుల పిల్లల్లో ఎవరైనా విదేశాల్లో సైన్యంలో పనిచేస్తుంటే మాత్రం వేరు. వారి పేరు మీదే రెండు మూడు లార్జ్ పెట్టెలు పంపితే తోటివారికి పంచిపెడతారు, మన రుచి నలుగురికీ తెలుస్తుంది.

తేదీల గురించి ఒక మాట. దీపావళి పెట్టె సెప్టెంబరు నెలాఖరులోపు కదలాలి. సంక్రాంతికి పంపేది జనవరిలో వేస్తే పండుగ దాటిపోతుంది, డిసెంబరు మధ్యలో వేస్తే క్రిస్మస్ రద్దీలో ఇరుక్కుంటుంది. నవంబరు ఆఖరులో పంపి, పండుగ దాకా తెరవవద్దని పైన రాయండి. ఓడ మీద ఉన్నవారికి ఇంకో వారం ముందుగా పంపండి, ఓడ కదిలితే తపాలా దాని వెంట తిరగాలి. సైనికుడికి అక్కడి డ్యూటీ ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకుని, దానికి ఆరు వారాల ముందే పెట్టెలు ఆపేయండి.