విండోస్ 10లో ఉండిపోవాలా, 11కి మారాలా? రెండూ ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

అసలు మాట ముందే చెప్పేస్తాను. మీ లాప్‌టాప్‌లో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ పైది గానీ ఉండి, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కూడా ఉంటే విండోస్ 11కి మారిపోండి, ఇంకా ఆలోచించే పని లేదు. ఏడో తరం, అంతకన్నా పాతది అయితే మాత్రం 11ని బలవంతంగా ఎక్కించకండి. విండోస్ 10లోనే అదనపు భద్రతా అప్‌డేట్లు పెట్టుకుని, ఆ గడువు ముగిసేలోగా వేరే ఏర్పాటు చూసుకోండి. ఈ తీర్పు ఐ5-8250యూ ఉన్న ఒక లాప్‌టాప్, ఐ5-6200యూ ఉన్న మరొకటి రోజువారీ పనిలో పెట్టి చూశాక చెబుతున్నది. రెండింటిలోనూ 8 జీబీ ర్యామే. తెలుగు టైపింగ్, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, ప్రింటింగ్, బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు: పని ఇదే. ఆటలు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల లెక్క వేరు.

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆగిపోయిందంటే లాప్‌టాప్ ఆగిపోతుందని కాదు. ఆన్ అవుతుంది, అన్నీ నడుస్తాయి. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు అతుకు మాత్రం రాదు. బ్యాంకు పనులు, డిజిటల్ సంతకాలు చేసే మిషన్‌ను అలా వదిలేయడం తప్పు. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పొడిగింపు పేరు ఈఎస్‌యూ, అది 2026 అక్టోబరు 13 వరకు. అందులో చేరాలంటే వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని కొడితే మీ వెర్షన్ కనబడుతుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది. మూడు దారులున్నాయి: మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 1000 రివార్డ్ పాయింట్లు, అదీ కాదంటే 30 డాలర్లు. ఒకే ఖాతా మీద 10 మిషన్ల దాకా చేర్చుకోవచ్చు. బ్యాకప్ దారిలో వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీయే. ఫొటోల ఫోల్డర్లు కూడా ఆన్ చేస్తే అది వెంటనే నిండిపోయి డబ్బు కట్టమని అడగడం మొదలవుతుంది. సెట్టింగ్స్ ఒక్కటీ ఉంచి ఫోల్డర్లు తీసేస్తే చాలు.

ఆఫీస్ 2016, 2019 వాడుతున్నవాళ్లకు ఇంకో మాట. ఆ రెండింటి సపోర్టు కూడా అదే 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కి మారినా ఆ పాత ఆఫీసుకు అప్‌డేట్లు రావు.

ఇక ప్రాసెసర్ సంగతి. అందరూ మోసపోయేది ఇక్కడే. విజయనగరం, శ్రీకాకుళం దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా కదిలేవి కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ లాప్‌టాప్‌లు. మంచి మిషన్లే, బాడీ గట్టిది, కీబోర్డు బాగుంటుంది. కానీ చూడ్డానికి ఒకేలా ఉన్న రెండింటిలో ఒకటి ఆరో తరం, ఒకటి ఎనిమిదో తరం. థింక్‌ప్యాడ్ టీ470 ఆరో తరంలోనో ఏడో తరంలోనో వస్తుంది, టీ480 చాలావరకు ఎనిమిదిలో. ఎలైట్‌బుక్ 840లో జీ3 ఆరో తరం, జీ4 ఏడో తరం, జీ5 చాలావరకు ఎనిమిది. మోడల్ పేరు నమ్మి వదిలేయకండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ పేరు చదవండి. ఐ5 తర్వాత గీత దాటాక వచ్చే మొదటి అంకే తరం: 8250 అంటే ఎనిమిది, 7200 అంటే ఏడు, 6200 అంటే ఆరు. పదో తరం నుంచి మొదటి రెండంకెలు చూడాలి. ఏఎండీ అయితే రైజెన్ 2000 వరసలో కొన్ని మోడళ్లు పనికొస్తాయి, కానీ లాప్‌టాప్‌లలో వచ్చే 2500యూ లాంటివి పాత రకం చిప్పులు, అవి పనికిరావు. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం వేసి చూస్తే అవునా కాదా నేరుగా చెప్పేస్తుంది.

ఆరో తరం మిషన్ మీద విండోస్ 11 వేసి అమ్మేటప్పుడు అడిగితే "ఏటవదండీ, ఎక్కిపోతాది" అంటారు. ఎక్కుతుంది, అబద్ధం కాదు. రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారు చేస్తే తనిఖీలన్నీ దాటేయవచ్చు. ఆపైనే చిక్కు. నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి గానీ ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు. హోం, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే సపోర్టు. అది తీరాక మీరే 5 జీబీకి పైబడిన ఐఎస్‌ఓ ఫైలు (విండోస్ మొత్తం అందులోనే ఉంటుంది) దింపి మళ్లీ అదే తంతు చేయాలి. చేయకపోతే విండోస్ 11 ఉండి కూడా అప్‌డేట్లు లేని మిషనే మీ చేతిలో ఉంటుంది. ఈ పని రెండేళ్లకోసారైనా చేసుకోగల ఓపిక, చేత ఉన్నవాళ్లకు సరే. అమ్మానాన్నలకో, పంచాయతీ ఆఫీసు పనికో కొనే మిషన్‌కు మాత్రం ఇది వద్దు.

ఎనిమిదో తరం మిషన్‌లో కూడా కొన్నిసార్లు "ఈ పీసీ పనికిరాదు" అని వస్తుంది. కంగారు పడకండి, విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా చిప్పు ఆఫ్‌లో ఉండటం వల్లే తరచూ అలా వస్తుంది. రన్ బాక్సులో టీపీఎం.ఎంఎస్‌సీ కొడితే స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని చూపాలి. చూపకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు తెరుచుకునే సెట్టింగ్స్ తెరలోకి, వెళ్లండి. మిషన్ ఆన్ చేయగానే నొక్కాల్సిన మీట: లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10, డెల్‌లో ఎఫ్2. సెక్యూరిటీ విభాగంలో ఇంటెల్ పీటీటీ అనో, టీపీఎం డివైస్ అనో ఉంటుంది, ఆన్ చేయాలి. ఏఎండీలో దాని పేరు ఎఫ్‌టీపీఎం.

రెండో అడ్డంకి బూట్ పద్ధతి. పాత రోజుల్లో లెగసీ అనే పాత బూట్ మోడ్‌లో విండోస్ వేసిన డిస్కు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది. విండోస్ 11కి వాటి బదులు వచ్చిన కొత్త పద్ధతులు యూఈఎఫ్‌ఐ, జీపీటీ కావాలి. చాలామంది నేరుగా బయోస్‌లో లెగసీ తీసి యూఈఎఫ్‌ఐ పెట్టేస్తారు. వెంటనే "బూట్ అయ్యే డిస్కు లేదు" అని నల్ల తెర వస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు, వరస తప్పింది అంతే. మళ్లీ లెగసీ పెడితే లేస్తుంది. సరైన వరస ఇది: ముందు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎంబీఆర్2జీపీటీ అనే కమాండుకు వాలిడేట్, అలౌఫుల్ఓఎస్ స్విచ్‌లు జతచేసి పరీక్ష చేయాలి. అది సరే అంటే వాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టాలి. ఆ తర్వాతే బయోస్‌లో యూఈఎఫ్‌ఐ. మన దగ్గర ఈ పరీక్ష తరచూ తప్పుతుంది, దానికి కారణం ఉంది. దుకాణంలో అలవాటుగా సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు చేసి ఇస్తారు. అందులో డీ నుంచి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల ఉంటాయి. అలాంటి పార్టిషన్ ఉన్న డిస్కును ఈ కమాండు ముట్టుకోదు. అప్పుడు డేటా బయటికి తీసి, మొత్తం చెరిపి, కొత్తగా వేసుకోవడమే మంచిది.

వేగం విషయంలో చాలామంది అనుకున్నంత తేడా లేదు. ఎస్‌ఎస్‌డీ మీద రెండూ దాదాపు ఒకే సమయంలో లేస్తాయి. ఏమీ తెరవకుండా చూస్తే 8 జీబీ ర్యామ్‌లో విండోస్ 10 రెండున్నర జీబీ దగ్గర, విండోస్ 11 మూడున్నర జీబీ దగ్గర ఉంటున్నాయి. కాబట్టి 8 జీబీలో ఇబ్బంది లేదు. 4 జీబీ ఉన్నా విండోస్ 11 పనిచేస్తుందని కాగితం మీద ఉంది గానీ, బ్రౌజర్ తెరవగానే మిషన్ మొరాయిస్తుంది. పాత తిరిగే హార్డ్‌డిస్కు మీద అయితే 11 వేయనే వేయకండి. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం దగ్గరే కూర్చుంటుంది. ఆ డబ్బు ముందు 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. కొనేముందు లోపల ఎం.2 స్లాటు ఉందో లేదో, ఉంటే అది సాటాకా ఎన్‌వీఎంఈకా అన్నది అడిగి తెలుసుకోండి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ర్యామ్‌లో కూడా డీడీఆర్3ఎల్ స్లాటులో డీడీఆర్4 పట్టదు.

తెలుగు టైపింగ్‌కు యూనికోడ్ వాడేవాళ్లకు మార్పేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు రెండింటిలోనూ ఉన్నాయి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే మారతాయి. కొత్తగా వేసిన మిషన్‌లో పాత వర్డ్ ఫైలు తెరిస్తే అక్షరాల రూపు మారినట్టు కనిపించవచ్చు. గౌతమి, వాణి ఫాంట్లు ఇప్పుడు వాటంతటవి రావు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే సరిపోతుంది.

డీటీపీ వాళ్ల కష్టం వేరు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు ఇంకా అను అనే పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాం, దాని ఫాంట్ల మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మీదే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ మొరాయిస్తోందని దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరుస్తారు. అనును మామూలుగా తెరుస్తారు. అప్పుడు ఎంత కొట్టినా ఇంగ్లీషు అక్షరాలే పడతాయి, తెలుగు పడదు. కింది హోదాలో నడిచే ప్రోగ్రాం పై హోదాలో ఉన్న ప్రోగ్రాం కిటికీలోకి మీటలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. రెండింటినీ ఒకే హోదాలో తెరిస్తే పోతుంది. రోజూ దాని మీదే బతికే షాపులో మాత్రం ఒక మిషన్ విండోస్ 10తో, నెట్ లేకుండా అలాగే ఉంచుకోవడమే మేలు.

డిజిటల్ సంతకం టోకెన్లు, పాత స్కానర్లు వాడేవాళ్లు ఒక సెట్టింగ్ గుర్తుంచుకోండి. కొత్తగా వేసిన విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ సాధారణంగా ఆన్‌లో ఉంటుంది. పాత డ్రైవరు దానికి నచ్చకపోతే పరికరం గుచ్చినా పలకదు. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ అని లోపలికి వెళితే ఏ డ్రైవరు అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. ఆ రక్షణ ఆపేయకుండా తయారీదారు సైటులో కొత్త డ్రైవరు వెతకండి. ప్రింటర్ల సెట్టింగ్‌లో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని ఒకటుంటుంది. సరదాకి ఆన్ చేశారో, పాత లేజర్ ప్రింటర్లు జాబితాలోంచి మాయమైపోతాయి. పక్క గదిలోని పాత కంప్యూటర్ నుంచి షేర్ చేసిన ఫోల్డర్ 24హెచ్2 (2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్) ప్రో తర్వాత తెరుచుకోకపోతే, పాస్‌వర్డు లేని గెస్ట్ ప్రవేశం ఆగిపోవడమే కారణం. ఆ పాత కంప్యూటర్‌లో పాస్‌వర్డుతో ఒక యూజర్‌ను పెట్టి, ఆ పేరుతో లోపలికి వెళ్లండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది డిస్కు ఎన్‌క్రిప్షన్. 24హెచ్2 నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు దానంతటదే తాళం పడుతుంది. ఆరు నెలలకు బయోస్ అప్‌డేట్ చేస్తారు, లేదా మదర్‌బోర్డు బాగుచేయిస్తారు. నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దుకాణం అబ్బాయి తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి మిషన్ ఇచ్చి ఉంటే కీ అతని దగ్గరే. అతను పాస్‌వర్డు మరచిపోతే డేటా ఎవరూ తీయలేరు. అందుకే కొన్నరోజే ఖాతా మీ పేరున మార్చుకుని, కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టండి.

కరెంటు గురించి మన జిల్లాల్లో మాట్లాడకుండా ఉండలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను. విండోస్ గడువులు కూడా అక్టోబరులోనే పడ్డాయి. మారే పని వేసవిలోపే ముగించండి. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే లాప్‌టాప్‌లో ఈ పని అసలు మొదలెట్టవద్దు. మధ్యలో కరెంటు పోతే విండోస్ కొన్నిసార్లు వెనక్కి తిప్పుకుంటుంది, బయోస్ అప్‌డేట్ మాత్రం తిప్పుకోలేదు. బ్యాటరీ ఎంత మిగిలిందో పవర్‌సీఎఫ్‌జీ కమాండుకు బ్యాటరీరిపోర్ట్ స్విచ్ జతచేస్తే తెలుస్తుంది. డిజైన్ కెపాసిటీలో సగం కూడా లేకపోతే ముందు బ్యాటరీ మార్చండి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్ వాడేవాళ్లు ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటా పొదుపుగా వాడేలా, పెట్టుకోకపోతే రోజువారీ డేటా పొద్దున్నే అయిపోతుంది. కొత్తగా వేసేటప్పుడు హోం ఎడిషన్ నెట్ లేనిదే ముందుకు కదలదు, వైఫై డ్రైవరేమో అప్పటికి ఉండకపోవచ్చు. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే గట్టెక్కుతారు.

రోజువారీ వాడకంలో నాకు నచ్చనివి రెండే. నేను వాడిన వెర్షన్లలో టాస్క్‌బార్ పక్కకి జరగలేదు. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు రెండో మెనూలో దాక్కుంటాయి, షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది. నచ్చింది ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబులు. విండోస్ మీట, జెడ్ నొక్కి రెండు కిటికీలు పక్కపక్కన సర్దుకోవడం రిటర్నులు నింపేటప్పుడు ఎంతో పనికొస్తుంది.

అసలైన విండోస్ 10 లైసెన్సు ఉంటే 11 ఉచితమే. పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే 10 రోజుల వరకు వెనక్కి వెళ్లవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. ఆ పది రోజుల్లోపు డీఐఎస్‌ఎం కమాండుతో గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. అప్పటిదాకా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లకు టిక్ పెట్టకండి. ఈలోగా టోకెన్‌తో ఒక సంతకం, ప్రతి ప్రింటర్ మీద ఒక పేజీ, పాత తెలుగు ఫైలు ఒకటి, షేర్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూసుకోండి.