చెక్క ఫలకం స్థానంలో టచ్‌స్క్రీన్: పూర్వ విద్యార్థుల గౌరవ ఫలకంపై నాలుగు నెలల సమీక్ష

మాది విజ్ఞాన, గణిత శాస్త్రాలను ప్రత్యేకంగా బోధించే పాఠశాల. ఇక్కడ చదివి పేరు తెచ్చుకున్నవారి పేర్లు రాసిన చెక్క ఫలకంలో చివరి వరుస కూడా నిండిపోవడంతో, దాని స్థానంలో టచ్‌స్క్రీన్ పెట్టాలని పూర్వ విద్యార్థుల సంఘం నిర్ణయించింది. ఒక సంస్థ తన పరికరాన్ని నాలుగు నెలలు వాడి చూడమని ఇచ్చింది. ఒప్పందం ఇంకా ఖరారు కాలేదు కనుక సంస్థ పేరు రాయడం లేదు. సమాచారం ఎక్కించే పని చూసిన ముగ్గురిలో నేనొకడిని. ఇటువంటి ఆలోచనలోనే ఉన్న ఇతర పాఠశాలల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

పరికరం గురించి చెప్పవలసింది తక్కువే. నిలువుగా గోడకు బిగించే పెద్ద తెర అది. వేలు తగలగానే స్పందిస్తుంది, పగటి వెలుతురులోనూ అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. సెర్చ్ పెట్టె మాత్రం తెర పైభాగంలో ఉండడం వల్ల చిన్న తరగతుల పిల్లలకు చెయ్యి అందదు. ఒక్కొక్క పూర్వ విద్యార్థికి ఒక్కొక్క కార్డు ఉంటుంది. అందులో ఫోటో, చదువు ముగించిన సంవత్సరం, రంగం, పురస్కారాలు, అరవై పదాలకు మించని పరిచయం చేర్చవచ్చు.

మా సొంత పూర్వ విద్యార్థుల నుంచి అంగీకార పత్రాలు రావడం ఆలస్యమైంది. అంతవరకు తెరను ఖాళీగా ఉంచడం ఎందుకని, మా వంటి ప్రసిద్ధ పాఠశాలల పూర్వ విద్యార్థుల గురించి లోకానికి తెలిసిన వివరాలనే ఎక్కించాం. ఈ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవారి దృష్టిలో గౌరవం అంటే ఏమిటో మాకు అప్పుడే అర్థమైంది.

మొదట న్యూయార్క్‌లోని బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్‌ను తీసుకున్నాం. 1938లో మొదలైన ఆ బడిలో చదివినవారిలో తొమ్మిది మందికి నోబెల్ వచ్చింది. ఏడు భౌతిక శాస్త్రంలో, ఒకటి రసాయన శాస్త్రంలో, ఒకటి ఆర్థిక శాస్త్రంలో. ఇద్దరు వ్యక్తుల కార్డులను ఒక గీతతో కలిపే సౌకర్యం ఇక్కడ చక్కగా అక్కరకు వచ్చింది. షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్ ఇద్దరూ 1950లో ఆ బడి నుంచి బయటికి వచ్చిన సహాధ్యాయులు, 1979లో నోబెల్‌ను కలిసి పంచుకున్నవారు. ఆ గీత మీద వేలు పెడితే విద్యుదయస్కాంత బలాన్నీ, పరమాణు కేంద్రకాల్లో పనిచేసే దుర్బల కేంద్రక బలాన్నీ ఒకే సిద్ధాంతం కిందికి తెచ్చిన వారి కృషి వివరణ తెరుచుకుంటుంది. అయితే అదే బహుమతిలో భాగస్వామి అయిన అబ్దుస్ సలాం ఆ బడి విద్యార్థి కాడు కనుక, ఆయన పేరును వివరణలో ఇరికించడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఇబ్బంది వరుస దగ్గర మొదలైంది. సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా కార్డులను పురస్కారాల స్థాయిని బట్టి పేరుస్తుంది. పెద్ద బహుమతి పొందినవారు బంగారు అంచుతో ముందు పేజీలో, ఏ బహుమతీ లేనివారు చిట్టచివర కనిపిస్తారు. చూడటానికి ఇది సహజంగానే తోస్తుంది కానీ, బ్రాంక్స్ వారి సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇందులోని పొరపాటు తెలుస్తుంది. రాయ్ గ్లాబర్ 1941లో బడి ముగించారు, కాంతి కణాల సంసక్తత, అంటే కాంతి తరంగాల పొందికపై తన ముఖ్యమైన పరిశోధనను 1963లో ప్రచురించారు, నోబెల్‌ను 2005లో అందుకున్నారు. క్లాడియా గోల్డిన్ బడి ముగించింది 1963లో, బహుమతి వచ్చింది 2023లో. ఆ తొమ్మిది మందిలో అందరికంటే త్వరగా అందుకున్న లియాన్ కూపర్‌కు సైతం బడి నుంచి స్టాక్‌హోమ్ చేరడానికి పాతికేళ్ళు పట్టింది. కొత్త పాఠశాల ఈ పద్ధతిని అనుసరిస్తే ముందు పేజీ రెండు మూడు తరాల పాటు ఖాళీగానే ఉంటుంది. 1980లో తలుపులు తెరిచిన నార్త్ కరోలినా స్కూల్ ఆఫ్ సైన్స్ అండ్ మేథమెటిక్స్ విద్యార్థిని క్రిస్టినా కోచ్ కార్డునే చూడండి. 2019, 2020 సంవత్సరాల మధ్య అంతరిక్షంలో ఏకబిగిన 328 రోజులు గడిపిన ఈమె, జెస్సికా మెయిర్‌తో కలిసి మహిళలు మాత్రమే పాల్గొన్న తొలి అంతరిక్ష నడక కూడా చేశారు. పురస్కారాల గడి ఖాళీగా ఉన్నందున మా తెర ఆమెను ఆఖరి పేజీకి నెట్టింది.

గణితం దగ్గర పరిస్థితి ఇంకా విడ్డూరంగా ఉంది. పురస్కారాల జాబితాలో నోబెల్ ఉంది, ఒలింపిక్ పతకం ఉంది. గణితంలో ఇచ్చే ఫీల్డ్స్, ఏబెల్, కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ ఏవీ లేవు. వాటిని ‘ఇతరములు’ అన్న గడిలో టైపు చేసుకోవాలి, అలా చేసినవాటికి బంగారు అంచు రాదు. గణితానికి నోబెల్ లేదన్న సంగతి మా ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. రహస్య సందేశాలు పంపడానికి వాడే పబ్లిక్ కీ గుప్తలేఖన విధానానికి 2015లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్న మార్టిన్ హెల్మన్ బ్రాంక్స్ విద్యార్థే అయినా, అదే బడి నోబెల్ విజేతలకు నాలుగు పేజీల వెనక తేలాడు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని 239వ నంబరు పాఠశాల ఈ సాఫ్ట్‌వేర్‌కు అసలైన పరీక్ష పెట్టింది. అక్కడ చదివిన స్తనిస్లావ్ స్మిర్నోవ్ 2010లో ఫీల్డ్స్ పతకం అందుకున్నారు. అదే బడిలో చదివిన గ్రిగొరీ పెరెల్మాన్‌కు 2006లో ఆ పతకం ప్రకటిస్తే వద్దన్నారు. పాంకరే ఊహ అనే ప్రసిద్ధ గణిత సమస్యను నిరూపించినందుకు క్లే గణిత సంస్థ 2010లో ప్రకటించిన పది లక్షల డాలర్లను కూడా నిరాకరించారు. మా గడిలో ఉన్నది ‘పొందారు’ అన్న ఒక్క మాటే. టిక్కు పెడితే అబద్ధం అవుతుంది, తీసేస్తే ఆ సంగతే మాయమవుతుంది. సంస్థ ప్రతినిధికి ఈ విషయం చెబితే, ఇటువంటి సందర్భం ఎంత అరుదో ఆయన ఓపికగా వివరించారు. నిజానికి మాకది అరుదు కాదు. తమ పేరు గోడ మీద వద్దని రాసిన పూర్వ విద్యార్థులు మాకే ఇద్దరున్నారు, వారి అంగీకారాన్ని గానీ నిరాకరణను గానీ నమోదు చేసుకోవడానికి ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా చోటు లేదు.

బుడాపెస్ట్‌లోని ఫాజెకాష్ పాఠశాలలో 1962లో మొదలైన ప్రత్యేక గణిత తరగతిలో లాస్లో లోవాస్, లాయోష్ పోషా కలిసి చదువుకున్నారు. లోవాస్ 2021లో ఏబెల్ బహుమతి పంచుకున్నారు. చిన్ననాడే ప్రసిద్ధ గణితవేత్త పాల్ ఎర్డిష్‌ను ఆశ్చర్యపరిచిన పోషా, తర్వాత ప్రతిభ గల పిల్లలకు గణిత శిబిరాలు నడపడానికి జీవితాన్ని వెచ్చించారు. రంగాల జాబితాలో పరిశోధన, పరిశ్రమ, పరిపాలన, క్రీడలు ఉన్నాయి, బోధన లేదు. పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు, ఇక్కడే చదివి ఇక్కడే పాఠాలు చెబుతున్న మా భౌతిక శాస్త్ర ఉపాధ్యాయినిని ఏ గడిలో పెట్టాలో తేల్చుకోలేక చివరికి ‘పరిపాలన’ కింద చేర్చాం. ఆమె నవ్వి ఊరుకున్నారు.

ఇంతవరకు తప్పులే చెప్పాను. ఈ పరికరంలో నిజంగా కొనదగిన భాగం ఒకటుంది, విచిత్రంగా దాన్ని సెట్టింగులలో లోపలెక్కడో దాచారు. ‘బడి రోజులు’ అనే ఆ పేజీని తెరిచి ఉంచితే, బహుమతికి బదులు ఆ వ్యక్తి చదువుకునే వయసులో ఏం చేస్తూ ఉండేవారో మొదట కనిపిస్తుంది. సూక్ష్మజీవ శాస్త్రం చదవాలని విశ్వవిద్యాలయానికి వెళ్ళిన గోల్డిన్ అక్కడ ఆర్థిక శాస్త్రం వైపు మళ్ళారని, గ్లాబర్ పద్దెనిమిదేళ్ళకే అమెరికాలోని లాస్ అలామోస్‌లో అణుబాంబు పథకంలో పనికి చేరారని అందులో రాశాం. హాస్యం కోసం ఇచ్చే ఇగ్ నోబెల్ సభల్లో ప్రేక్షకులు విసిరే కాగితపు విమానాలను గ్లాబర్ ఏళ్ళ తరబడి చీపురుతో ఊడ్చేవారన్న వాక్యం కూడా చేర్చాం. అది పెద్దవారి గౌరవానికి తగదని మా సంఘ సభ్యులు ఒకరు అభ్యంతరం చెప్పారు; ఉండాలని నేను పట్టుబట్టాను, ఉంచాం. మొదటి నెలలో ఫోటోలు చూసి వెళ్ళిపోయిన పిల్లలు, ఈ పేజీ తెరిచాక నిలబడి చదవడం మొదలుపెట్టారు. ఎక్కువమంది ఆగి చదివేది గ్లాబర్ కార్డునే.

సంస్థ సేవ విషయంలో ఫిర్యాదు లేదు. ఫోన్ చేసిన రోజే స్పందించారు, పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారినవారు రెండు పేర్లతోనూ దొరికేలా సెర్చ్‌ను సరిచేశారు. చందా ఆపేస్తే మన సమాచారం మనకు ఎలా తిరిగి వస్తుందన్నది మాత్రం కొనబోయే ముందు గట్టిగా అడగవలసిన ప్రశ్న. మేము పరీక్షించినప్పుడు పేర్లు, సంవత్సరాలు ఎక్సెల్ ఫైలుగా వచ్చాయి. ఫోటోలు, కార్డులను కలిపిన గీతలు రాలేదు. కరెంటు పోతే తెర నల్లబడుతుందన్నది తెలిసిందే కనుక చెక్క ఫలకాన్ని తీసేయకుండా ఎదుటి గోడకు మార్చాం.

ఐదింటికి మూడు మార్కులు ఇస్తాను. వరుసను బడి ముగించిన సంవత్సరం ప్రకారం మార్చడం, ‘బడి రోజులు’ పేజీని ముందుకు తేవడం, ‘నిరాకరించారు’, ‘బోధన’ అనే రెండు గడులు చేర్చడం అనే షరతులు రాసి పంపాం. మొదటి రెండూ వెంటనే చేసి ఇచ్చారు. మూడోది వచ్చే నవీకరణలో చేరుస్తామన్నారు. అది వచ్చాకే సంతకం పెట్టాలని సంఘం తీర్మానించింది.